ఇంట్లో దారి

లియాఖత్ అలీ కందెన తుడిచేస్తున్నాడు. కిరసనాయిలులో ముంచిన గుడ్డపేలికను వేలికి చుట్టుకుని, ఒక్కొక్క బేరింగులోకీ దూర్చి, నల్లటి జిడ్డును బయటికి లాగుతున్నాడు. బండి చక్రాలు చేసే మనిషి చేయవలసిన పని కాదిది. వడ్రంగి చెన్నయ్య దగ్గర పని నేర్చుకున్ననాటి నుంచీ ఇరుసుకు కందెన పెట్టడమే గానీ తీయడం అతనికి తెలియదు. చక్రాన్ని ఒక్క వేలితో తడితే చాలు, దాన్ని తట్టిన సంగతి మరిచిపోయేదాకా తిరగాలి. రామన్నపేటలో అతనికి ఉన్న పేరంతా ఆ తేలికతనానిదే.

ఆ పేరే పోయిన వారం మల్లప్పను కింద పడేసింది.

మల్లప్ప గొర్లు కాసేవాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ముందు మంద. పొద్దున ఊరు దాటితే చీకటి పడ్డాకే మళ్లీ ఊళ్లోకి అడుగు. నడిచినంత దూరమూ అతని కళ్లు ఊరకే ఉండేవి కావు. ఏ ఒర్రె ఒడ్డున తుమ్మచెట్టు ఎండిందో, ఏ గుట్ట వెనక ఏ కొమ్మ చక్రానికి సరిపోయే వంపు తిరిగిందో చూసి వచ్చి, పోతూ పోతూ లియాఖత్ కొట్టు ముందు నిలబడి చెప్పేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. లియాఖత్ చేసిన మంచి చక్రాలన్నీ మల్లప్ప చూసిపెట్టిన కట్టెతో చేసినవే. ఆ మాట లియాఖత్ ఒక్కసారి కూడా అతనితో అనలేదు. రోజూ కనపడే మనిషికి అలాంటివి ఎలా చెప్పాలో తోచేది కాదు.

తర్వాత టైరు బండ్లు వచ్చాయి. కట్టె చక్రాలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. మల్లప్ప కళ్లు మసకబారి, ఒక వానాకాలంలో పూర్తిగా ఆరిపోయాయి. కొడుకు ఐలేశం మంద అమ్మేశాడు. కళ్లు పోయినా కాళ్లు ఊరుకోలేదు. మల్లప్ప కర్ర పట్టుకుని ఒక్కడే బయటికి పోయేవాడు. రెండు సార్లు గుంతలో పడ్డాడు. మూడోసారి రోడ్డు మీద లారీ అతన్ని రాసుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి ఐలేశం బయట గొళ్లెం పెట్టడం మొదలుపెట్టాడు.

"సాయిబూ, కాళ్లు నన్ను పండనిస్తలేవు," అన్నాడు మల్లప్ప, లియాఖత్ చూడబోయినప్పుడు. "బయటికి పోనియ్యరు. నాకు ఇంట్లనే ఓ దారి చెయ్యరాదు?"

నవ్వులాటకే అన్నాడు. లియాఖత్ మాత్రం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే ఆలోచించాడు. చక్రం మీద బండి నడుస్తుంది. మనిషి నడిస్తే కింద చక్రమే ఎందుకు తిరగకూడదు? పిండి గిర్ని నడిపే రఘుపతి పడేసిన పాత బెల్టు పట్టాలు రెండు తెచ్చి, వాటి మీద అడ్డంగా సన్నటి చెక్కలు బిగించి, కొసలు కలిపి దండలా తిరిగేట్టు చేశాడు. బేరింగులు పెట్టాడు. ముందు వైపు ఇటుకలతో కొద్దిగా ఎత్తు చేశాడు. చివరికి, అలవాటు కొద్దీ, దోసెడు కందెన పెట్టాడు. మల్లప్ప కాలు మోపగానే చెక్కలు చేపల్లా జారిపోయాయి. మనిషి వెల్లకిలా పడ్డాడు.

పడ్డవాడు పడ్డట్టే ఉండి అన్నాడు, "సాయిబూ, గిది దారి గాదు, బురద. ఎక్కుడు ఉండాలె. గుట్ట ఎక్కేటప్పుడు భూమి కాలికి ఎదురొస్తది. గట్లయితేనే కాలు నమ్ముతది."

ఆ మాట పట్టుకుని లియాఖత్ కొట్టు వెనక ఉన్న తుమ్మ మొద్దును బయటికి లాగాడు. కళ్లు పోకముందు మల్లప్ప చివరగా చూసిపెట్టిన చెట్టు అది. విల్లులా వంగిన మొద్దు. చక్రాలు అడిగేవాళ్లు లేక అలాగే పడి ఉంది. దాన్ని నిలువునా చీల్చితే ఒకే వంపు ఉన్న రెండు చెక్కలు వచ్చాయి. వాటిని రెండు పక్కలా నిలబెట్టి, వంపు వెంట బేరింగులు వరసగా దిగ్గొట్టి, చెక్కల పట్టాను వాటి మీదికి ఎక్కించాడు. ఇప్పుడు దారి మధ్యలో లోతుగా, ముందుకు పోయేకొద్దీ ఎత్తుగా ఉంది. ముందుకు అడుగేస్తే మనిషి బరువుకు చెక్క కిందికి దిగుతుంది. మధ్యలోకి వచ్చి నిలబడితే ఆగిపోతుంది. వెనక పట్టా మలుపు తిరిగే రోలరుకు ఒక తోలుపట్టా చుట్టాడు, మరీ ఉరకకుండా.

ఇక మిగిలింది ఈ కందెన.

"ఏంది సాయిబూ, కందెన పెట్టేటోనివి తీస్తున్నవ్? పిచ్చి లేసిందా?" అంటూ రఘుపతి వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. ఒళ్లంతా పిండి.

"పిచ్చి గిప్పుడే దిగుతాంది సేటూ."

"గింత తిప్పలెందుకు? నా తాన పాత మోటరున్నది. కూసవెడితే అదే తిరుగుతది."

"కరెంటేది? నీ గిర్నే సగం రోజులు పండుకుంటది."

"ఉన్నప్పుడే నడుస్తడు తీ."

లియాఖత్ గుడ్డపేలిక పక్కన పెట్టాడు. "మోటరు వెడితే దారి మల్లప్పను ఉరికిస్తది. ఆయన ఆగుదామంటె అది ఆగదు. కండ్లు లేని మనిషి. ఆయన ఆగితె ఆగే దారి గావాలె నాకు."

రఘుపతి కాసేపు ఆ వంపు వైపు చూశాడు. చేత్తో ఒక చెక్కను కిందికి నొక్కి, అది దిగి ఆగడం చూసి, తల ఊపి పోయాడు.

మధ్యాహ్నం ఐలేశం టైరు బండి కట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి వంపు దారిని బండి మీదికి ఎత్తి పెట్టారు. బండి కుదుపు లేకుండా పోతోంది. తన పని తినేసిన టైర్ల మీదనే తన పని ఊరేగుతోందని లియాఖత్‌కు నవ్వు వచ్చింది. కోపం రాలేదు. టైర్లు నిజంగానే మెత్తగా ఉన్నాయి.

"చిచ్చా," అన్నాడు ఐలేశం దారిలో, ఎద్దుల వైపే చూస్తూ. "గీసారి పడితె ఇగ మంచమే. తుంటి ఇరిగితె ఎవరు జూస్తరు? ఆయన ఏడ్చినా సరే, దర్వాజ తియ్య."

అతని గొంతులో కసురు లేదు, భయమే ఉంది. లియాఖత్ ఎద్దు వీపు మీద చెయ్యి వేశాడు.

ఒకప్పుడు గొర్రెపిల్లల్ని ఉంచిన పంచలో దాన్ని దించారు. రెండు పక్కలా పట్టుకునే పైపులు బిగించారు. ఐలేశం భార్య గోపమ్మ చీపురు పట్టుకుని దూరంగా నిలబడి చూస్తోంది.

"మా మామను మల్ల పడేస్తివో, నీకు చాయ గూడ పొయ్య చిచ్చా."

"ముందుగాల నేనే ఎక్కుత బిడ్డా. పడితె నన్నే తోల్కపో దవాఖానకు."

లియాఖత్ చెప్పులు విడిచి ఎక్కాడు. ఒక అడుగు, మరో అడుగు. చెక్కలు టక్ టక్‌మని దిగాయి. ముందుకు వంగితే వేగం పెరిగింది, వెనక్కి తగ్గితే నెమ్మదించింది. మల్లప్ప మంచం మీద కూర్చుని చెవి ఇటు పెట్టాడు.

"సాయిబు నడుస్తాండు," అన్నాడు. "కుడికాలు ఈడుస్తడు."

తర్వాత అతని వంతు. ఐలేశం ఒక పక్క, లియాఖత్ ఒక పక్క. మల్లప్ప పైపు పట్టుకుని ఎక్కాడు గానీ కాలు కదల్చలేదు. బొటనవేలితో చెక్కను తడిమాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ తడిమాడు. ఐలేశం తండ్రి నడుము చుట్టూ చెయ్యి వేయబోతే లియాఖత్ కళ్లతోనే వద్దన్నాడు.

"ఎక్కుడున్నదా?" అడిగాడు మల్లప్ప.

"ముందటున్నది. కాలుతోనే జూస్కో."

మల్లప్ప కాలు చాపాడు. వంపు అరికాలికి ఎదురొచ్చింది. బరువు మోపాడు. చెక్క కిందికి దిగింది, ఇంకొకటి వచ్చింది. రెండు అడుగులు వేసి బెదిరిపోయి గట్టిగా పైపు పట్టుకుని ఆగాడు. దారీ ఆగింది.

"ఆగింది!"

"నువ్వాగినవ్ గద!"

మల్లప్ప నవ్వాడు. పళ్లు లేని నోరు మొత్తం తెరిచి నవ్వాడు. మళ్లీ అడుగేశాడు. ఈసారి ఆగలేదు. టక్ టక్ చప్పుడు మెల్లగా ఒక నడకకు కుదిరింది. అది మంద వెనక పోయే నడక, తొందర లేనిది.

"గిప్పుడు ఒర్రె దాటిన," అన్నాడు కాసేపటికి. ఇంకాసేపటికి, "ఐలూ, గుట్ట కాడ గాలి కొడతాందిరా."

గాలేమీ లేదు. ఐలేశం మొహం పక్కకు తిప్పుకుని, పోయి బయటి గొళ్లెం ఊడబీకడం మొదలుపెట్టాడు. గోపమ్మ చాయ తెచ్చింది, నిండా చక్కెర వేసి.

మల్లప్ప దిగి లియాఖత్ చేతులు వెతికి పట్టుకున్నాడు. "సాయిబూ, నాకు కాళ్లిచ్చినవ్."

"కట్టె నీదే మల్లన్నా. నువ్వు జూసిన కట్టే." చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. "నేను జేసిన చక్రాలన్నీ... నీ కండ్లతోని జేసినయే." అంతే వచ్చింది. వెంటనే సిగ్గేసి, "తోలుపట్టా జర బిగియ్యాలె. రేపొస్త," అని చేతులు విడిపించుకుని బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చాక భార్య ఇక్బాల్ బీ అతని పాదాలు చూసి నోరు నొక్కుకుంది. "చెప్పులేవీ?"

లియాఖత్ కిందికి చూసుకున్నాడు. ఊరంతా ఉత్తకాళ్లతో నడిచి వచ్చాడు, తెలియనే లేదు. "మల్లప్పింట్ల ఉన్నయ్. రేపు తెచ్చుకుంట."

"గంత ఖుషీ ఏందో!"

"మల్లప్ప నడిచిండు," అన్నాడు. కాళ్లు కడుక్కుని నమాజు చేసుకున్నాడు. దువాలో ఆ రోజు ఏమీ అడగలేదు. అడగవలసింది గుర్తుకు రాలేదు. "రొట్టెలయ్యేదాకా జర నడుం వాలుస్త," అని చాప మీద పక్కకు ఒత్తిగిలాడు. జొన్నరొట్టెలు అయ్యాయి. ఇక్బాల్ బీ పిలిచింది. మళ్లీ పిలిచింది. చెంప కింద చెయ్యి పెట్టుకుని అతను అలాగే ఉన్నాడు. ముఖం మీద ఎలాంటి బాధా లేదు.

మర్నాడు లియాఖత్ జనాజా వెంట మల్లప్ప కూడా నడిచాడు, ఐలేశం భుజం మీద చెయ్యి వేసి. ఖబ్రస్తాన్ ఊరి చివర మిట్ట మీద ఉంది. మిట్ట మొదలు కాగానే మల్లప్ప ఆగి, అరికాలితో నేలను తడిమాడు.

"ఎక్కుడొచ్చింది. ఇడువు రా ఐలూ," అన్నాడు. కొడుకు భుజం వదిలి, కర్ర ఒక్కటే పట్టుకుని, ఎవరినీ తగలకుండా పైదాకా ఎక్కాడు. అందరితో పాటు పిడికెడు మట్టి వేశాడు.

పంచలో గోపమ్మ ఊడుస్తూ ఊడుస్తూ అక్కడికి వచ్చి ఆగింది. వంపు దారి పక్కన, గోడ వారగా లియాఖత్ టైరు చెప్పుల జత ఉంది. వాటి చుట్టూ ఊడ్చింది గానీ వాటిని కదపలేదు. కుడిచెప్పు మడమ ఎడమదాని కంటే బాగా అరిగి, ఒక పక్కకు ఒరిగి ఉంది.