ఏడుకు అడ్డగీత

సాయంత్రం సంస్మరణ సభలో పెట్టవలసిన గాజుపెట్టెను తుడవమని మా అబ్బాయి రామకృష్ణ చెప్పాడు. తుడుస్తున్నాను. లోపల మావారు పట్టాభిరామయ్యగారి యుద్ధ పతకం, కళ్ళజోడు, జూబ్లీహిల్స్‌లో మా ఫిల్ము ల్యాబు తెరిచిన నాటి ఫొటో, ఒక రిజిస్టరు. దాని ముందు అట్టముక్క: "పదిహేడేళ్ళు ప్రతి ఉదయం రసాయనాలను పరీక్షించి నాన్నగారు స్వహస్తాలతో రాసినది."

"చూశావా అమ్మా, ఏడుకు అడ్డగీత! మిలిటరీ అలవాటు ఎక్కడికి పోతుంది?" అన్నాడు వాడు.

ఆ అడ్డగీత విశాఖపట్నంలో నాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారిది. ఆ రిజిస్టరు నేను రాసింది. 1980 నుంచి రోజూ ఉదయం ఆరింటికి పెరటి ల్యాబులో డెవలపరు రసాయనం తొట్టి వేడి చూసి, ముక్క ఫిల్ము కడిగి, అంకెలు వేసి, ఆ తరువాతే కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్ళేదాన్ని. హాస్టల్లో చదివిన రామకృష్ణ సెలవుల్లో నిద్ర లేచేసరికి నేను చీర మార్చుకుని వంటింట్లో ఉండేదాన్ని. ఆ రసాయనం పడక వేళ్ళ చివర్లు పగిలాయి. కొన్నేళ్ళకు స్పర్శ తగ్గింది. "ఆ చేతులతో వడ్డించకమ్మా, వచ్చినవాళ్ళు చూస్తే బాగుండదు" అనేవారు అత్తగారు. ల్యాబులో నా పని గురించి నిర్మాతలు అడిగితే మావారు నవ్వేవారు: "మా ఆవిడకు అదో కాలక్షేపమండీ." ఆయన చెడ్డవారు కారు. అరవై అయిదు యుద్ధంలో మండుతున్న లారీలోంచి ఇద్దరిని లాగిన మనిషి. పనివాళ్ళ పిల్లలకు ఫీజులు కట్టిన మనిషి. నా వేళ్ళకు ఆయనే వెన్న రాసిన రోజులూ ఉన్నాయి. కాని ఆ రిజిస్టరులో సంతకం గడి ఎందుకు లేదని ఆయన అడగలేదు, నేనూ గీయలేదు. కొలత సరిగా ఉంటే చాలు, కొలిచినవారెవరైతేనేం అనుకున్నాను. ఆ వినయం శాస్త్రం నేర్పిందో, ఇల్లు నేర్పిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆయన పోయి పదిరోజులు. నాకు ఏడుపు రాలేదు. అట్టముక్క చదివినా కోపం రాలేదు. స్పర్శ లేని వేళ్ళతో వేడి గిన్నె పట్టుకున్నట్టుంది: వేడని తెలుసు, కాలడం తెలియదు.

ల్యాబులో మొదటినుంచీ ఉన్న భిక్షం కుర్చీలు మోస్తూ ఆగాడు. "అమ్మా, గిది మీరు రాసిందే గద! మీరు చూడంది మేం ఒక్క రీలన్న కడిగినమా? చిన్నసారుకు చెప్పరాదు?"

"చెబితే నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. రుజువు ఉంటే ఆ బాధ లేదు, భిక్షం."

రిజిస్టరు తీసుకుని ల్యాబుకు నడిచాను. థర్మామీటరు ముంచాను. చివరి పుటలో ఖాళీ వరుస ఉంది. 17-7-1997. వేడి 36.7. నాలుగు ఏడులకూ అడ్డగీత పెట్టి, ఆ పుటే కనిపించేలా తెచ్చి గాజుపెట్టెలో ఉంచాను.

రామకృష్ణ వంగి చూశాడు.

"అమ్మా, నాన్న పోయింది ఏడో తారీఖున కదా. ఇవాళ్టి తేదీ ఎవరు వేశారు?"

"ముందు పేజీలన్నీ రాసినవాళ్ళే."

వాడు నా చేతిలోని పెన్ను చూశాడు. నేను పెట్టె మూత మళ్ళీ తీసి, ఆ వరుస పక్కన సంతకం గడి గీసుకుంటున్నాను.