నాయన గీసిన వరస

మా నాయన రామలింగయ్య ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. మిగతాదంతా అన్న గిరీశ్ చెక్కినా ముఖం మాత్రం నాయనే చెక్కాలి. ఏ గీత తర్వాత ఏ గీతో ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ల రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేశాక, నంద్యాల ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని అప్పుడు చెబుతానన్నాడు. అన్న దగ్గర నరసింహస్వామి విగ్రహం ముఖం లేకుండా ఆగిపోయి ఉంది.

నేను నంద్యాలలోనే జావాస్క్రిప్ట్‌లో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. తెలివి ఎక్కువై ఒక ప్రోగ్రాం రాశాను. నాయన ట్యాబ్ మీద వేలితో గీసే ప్రతి గీతా ఒక ఫంక్షన్ పిలుపు, అంటే ఇక్కణ్ణుంచి ఇక్కడికి గీయమని యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ. అవన్నీ వరసగా జాబితాలో చేరతాయి. ఆ జాబితాను ఫైల్లో దాచి, అన్న ముందు మళ్లీ నడిపిస్తే బొమ్మ మొదటి గీత నుంచీ తనంతట తానే గీసుకుంటూ వస్తుంది.

"ఫోన్లో వీడియో తీస్తే సాలదా పాపా?" అన్నాడు నాయన.

"నువ్వు గియ్యి నాయనా. అంతా దాసిపెడ్తాండా," అన్నాను. వీడియో అంటే నా చదువుకు నామోషీ.

పందొమ్మిది రోజులు గీశాడు. నాలుగు గీతలకోసారి ఆయాసం. ట్యాబ్ ఎప్పుడూ ఆపలేదు కాబట్టి గీతలన్నీ దాని తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉండి, వెనక్కీ ముందుకూ నడిపితే అన్నీ సరిగ్గానే వచ్చేవి. రోజూ సాయంత్రం ఫైల్లో దాచేదాన్ని. ఒక్కరోజైనా ఆ ఫైలు తెరిచి చూశానా? లేదు. ఇరవయ్యో రోజు నాయన పోయాడు. కర్మలయ్యేసరికి ట్యాబ్ చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది.

నాయన పోయిన పన్నెండో రోజు అన్న ముందు ఫైలు తెరిచాను. తెల్లటి తెర.

"ఏందీ, ఏమీ రాల్యా?"

ఫైల్లో ఆరు వందల పన్నెండు వరసలున్నాయి. ప్రతి వరసలోనూ 'నల్' అనే ఒక్క మాటే. అంటే ఏమీ లేదని. నేను దాచాల్సింది ఫంక్షన్ పేరూ, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ అంకెలూ. దాచింది ఫంక్షన్లనే. అవి అక్షరాల ఫైల్లో నిలవవు. కంప్యూటర్ వాటి చోట నల్ రాసి ఊరుకుంటుంది, తప్పని కూడా చెప్పదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదటి వారమే నేను చెప్పే సంగతిది. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలనిపించింది.

"పోయింది అన్నా. నా తప్పే."

అన్న ఉలి కింద పెట్టాడు. అరవలేదు. "పోనీలే. పందొమ్మిది దినాలు పక్కనే కూసుంటివి గదా. మొదటి గీత యాడ పెట్టినాడో సెప్పు. ఆడినుంచి నేను పట్టుకుంటా."

పక్కనే కూర్చున్న మాట నిజమే. కానీ నేను చూసింది ఎన్ని గీతలు చేరాయో లెక్కపెడుతూ తెర మూలన పెరిగే అంకెను. నాయన వేలిని ఒక్కసారీ చూడలేదు.