రెండూ ఎడమ చేతులే

ఉదయం పది నలభైకి టైలరింగ్ షాపు మాస్టారు నవల ప్రూఫుల్లో ఏడో అధ్యాయం చదవడం ముగించారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఎదురుగా స్టూలు మీద ఆ నవల రచయిత్రి. ఆరేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర ఆమె బట్ట కత్తిరించేది. నవల్లో నాయికదీ అదే పని. ప్రెస్సువాళ్లు పన్నెండింటికి అచ్చు మొదలుపెడతారు. మాస్టారు వద్దంటే ఈ అధ్యాయం తీసేస్తానని ముందే చెప్పింది. తీసేస్తే నవల్లో మిగిలేదేమీ లేదని చెప్పలేదు.

ఆ అధ్యాయంలో నాయిక కోటు బట్టను మడత వెయ్యకుండా ఒంటి పొరగా పరుస్తుంది. కోటు చేతి నమూనా కాగితాన్ని తిరగెయ్యడం మరిచిపోయి రెండుసార్లు కత్తిరిస్తుంది. రెండూ ఎడమ చేతులే వస్తాయి. తానే తప్పు కత్తిరించానని యజమాని అనుకుంటే, నాయిక నోరు మెదపదు.

"ఇదంతా కల్పనేనా?" అన్నారు మాస్టారు.

"పేర్లు కల్పన, మాస్టారూ."

"మరి చేతులు?"

"నేను కత్తిరించినవే."

లోపల కాజాలు కుడుతున్న మాస్టారి భార్య సూది ఆపింది.

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. కుర్చీ వెనక్కి పడింది. "ఏమే, విన్నావా! తప్పు నా కళ్లది కాదటే! ఈ గడుగ్గాయి చేసిన ఘనకార్యం!"

"వీధంతా విన్నది." ఆవిడ బయటికొచ్చింది. "చూపు పోయిందని ఆ మర్నాటి నుంచి ఈయన కత్తెర ముట్టలేదు. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా వినలేదు. ఆరేళ్లుగా కత్తిరించి చస్తున్నది నేను! అప్పుడే ఒక్క ముక్క చెబితే నీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

ఆ సంగతి రచయిత్రికి తెలియదు. ఆమె ఆ వారమే పని మానేసింది.

"భయమేసింది, అత్తా. నాయిక చేసినట్టు రాయడానికే నాలుగుసార్లు తిరగరాశాను." మాస్టారి వైపు తిరిగింది. "తీసెయ్యనా?"

"తీస్తే కాళ్లు విరగ్గొడతా! ఒక్కటి మార్చు. కత్తెరకి పదును లేదని రాశావ్. నా షాపులో పదును లేని కత్తెరా?"

పదకొండు పదికి ఆమె ప్రెస్సుకి ఫోన్ చేసి ఆ వాక్యం కొట్టేయించింది.

మాస్టారు సొరుగు లాగారు. లోపల తన పాత కత్తెరకి నూనె రాసి ఉంది. ఆయన భార్య వైపు చూశారు.

"వారం వారం రాస్తున్నా. చూస్తారేం, కానివ్వండి," అంది ఆవిడ.

పదకొండు యాభైకి బల్ల మీద రెండు కోటు చేతులున్నాయి. ఒకటి ఎడమది, ఒకటి కుడిది.