తూము లేని ఇల్లు

సాయంత్రం నాలుగింటికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. వాళ్ళొచ్చిన ఆ పరాయి దేశంలో భార్యాభర్తలిద్దరూ సంతకం పెడితేనే ఇల్లు చేతికొస్తుంది. ఆయన సంతకానికి ఢోకా లేదు, వారం రోజులుగా కలం జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు. ఎటూ తేలనిదల్లా ఆవిడ సంతకమే. ఇవాళ దాటితే ఆ ఇంటికి వేరేవాళ్ళు కాచుకుని ఉన్నారు.

"ఏం నాన్నా, వాతావరణ కేంద్రం ఏమంటోంది?" అంది కూతురు, లాడ్జి గదిలో రొట్టె ముక్క నములుతూ.

"ఉరుములు, మెరుపులు, అక్కడక్కడా పిడుగులు," అన్నాడాయన.

"నవ్వండి, బాగా నవ్వండి. రేపు ఏదైనా జరిగితే ఏడవాల్సింది నేనేగా," అంది ఆవిడ.

ఇంట్లో ఆవిడకు వాతావరణ కేంద్రమని పేరు పెట్టి చాలా ఏళ్ళయింది. పాలవాడు పది నిమిషాలు ఆలస్యమైతే ఏ లారీ కింద పడ్డాడోనని వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చే మనిషి. కూతురు చిన్నప్పుడు బడినుంచి రావడం కాస్త లేటైతే చాలు, కుడుతున్న యూనిఫారం మిషను మీదే వదిలేసి పరుగెత్తేది. చదివింది ఏడో తరగతి. స్కూలు యూనిఫారాలు కుట్టడం ముప్ఫై ఏళ్ళ పని. ఎన్ని వేల కాలర్లు తిప్పిందో లెక్కలేదు గానీ, ఒక్క కాలరన్నా ఊడొస్తుందేమోనన్న బెంగ మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆయన లిఫ్టుల మేస్త్రి. ఉద్యోగంలో ఉండగా రెండు విడతలుగా నాలుగేళ్ళు ఈ దేశంలోనే లిఫ్టులు బిగించాడు. కొండవాలు మీద చిన్న ఊరు, చల్లటి గాలి, ఎవరి పని వాళ్ళు చేసుకునే మనుషులు. అప్పట్నుంచీ ఆయనకు ఇక్కడే మనసు. రిటైరయ్యాక ఎండలు ముదిరే నాలుగు నెలలూ ఇక్కడ గడుపుదామని ఆశ. తీరా చూస్తే ఆయనకు నచ్చిన ఇల్లు మేడ మీద, ఎక్కడానికి పద్దెనిమిది మెట్లు. "ఊరందర్నీ లిఫ్టులెక్కించి, మనకు మాత్రం మెట్లా?" అని కూతురు పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వేశాడు. పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో తనకంటూ ఇది కావాలని ఆయన అడిగింది లేదు. అందుకే ఆవిడ వద్దని గట్టిగా అనలేకపోతోంది.

అలాగని సరేనా అంటే అదీ లేదు. గోడ నెమ్మెక్కుతుందేమో అంది. దొంగలంది. తనకు భాష రాదంది. నాలుగు నెలలుండి తాళం వేసి వెళ్తే ఎలకలు కాపురం పెడతాయంది. అవన్నీ పైపై మాటలే. అసలు భయం ఒక్కటే. పోయినేడు ఆయన గుండెలో స్టెంటు వేశారు. ఆ రోజు ఆవిడ గుమ్మంలోకొచ్చి ఒక్క కేక పెట్టగానే ఎదురింటి కాంపౌండరు లుంగీతోనే పరుగెత్తుకొచ్చి, పావుగంటలో ఆసుపత్రిలో చేర్పించాడు. ఇక్కడ కేక పెడితే ఎవరొస్తారు? ఆ మాట ఆవిడ ఇంతవరకూ పైకి అనలేదు. నోటితో అంటే నిజంగానే జరుగుతుందేమోనని.

చివరికి ఆ పొద్దున ఒక్క మాట అడిగింది. "నన్నా ఇంట్లో రెండు గంటలు ఒక్కదాన్నే వదిలిపెట్టండి. చూసుకుని చెప్తాను."

అమ్మకం పని చూస్తున్న బ్రోకరు ఎప్పుడు చూసినా పసుప్పచ్చ టైలోనే ఉంటాడు. ఆ టై ఆయన అభ్యంతరమేమీ చెప్పకుండా తాళం చేతికిచ్చాడు. తండ్రీకూతుళ్ళు కాగితాల మీద ముద్రలు వేయించడానికి బ్రోకరు వెంట వెళ్ళారు.

ఆవిడ కొంగు బిగించి మొదలుపెట్టింది. తలుపులు మూసి తెరిచింది. గోడలకు ముక్కు ఆనించి వాసన చూసింది. పంపులన్నీ తిప్పింది. కిటికీ చెక్కల మీద గోటితో గీరింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దాంతో మరీ భయమేసింది. వంక కనిపించడం లేదంటే ఎక్కడో దాక్కుని ఉందన్నమాట.

ఇక మిగిలింది వాటం. కాపురం పెట్టిన కొత్తలో అద్దెకు దిగిన ఇంట్లో వంటగది నేలకు వాటం లేక, కడిగిన నీళ్ళు ఏడాదంతా మూలన మడుగు కట్టేవి. అప్పటినుంచీ ఏ ఇల్లు చూసినా ఓ బకెట్టు నీళ్ళు గుమ్మరించి, ఎటు పారుతున్నాయో చూడందే ఆవిడ మాట ఇవ్వదు. ఇక్కడ వంటగది నేల చూస్తే పలకలు పరిచినట్టు నిగనిగలాడుతోంది. సింకు కింద బకెట్టు కూడా ఉంది. నిండా పట్టి, ఒడుపుగా ఒక్క ఊపున గుమ్మరించింది.

నీళ్ళు గది మధ్యనుంచి పొయ్యి వైపు చకచకా పారాయి. ఎక్కడా ఆగలేదు. చూస్తుండగానే పొయ్యి వెనక మూలకు చేరి, మాయమైపోయాయి.

"అబ్బ, ఏం వాటం!" అనుకుంది. ఈ ఊరొచ్చాక మూడు రోజుల్లో ఆ ఇంటిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. తూముకు జాలీ ఉందో లేదో, బొద్దింకలొస్తాయేమోనని వంగి చూసింది.

తూము లేదు.

ఈ మూలా లేదు, ఆ మూలా లేదు. వేలితో తడిమింది. పలకలనుకున్నది పలకలు కావు, పలకల బొమ్మ అచ్చేసిన రెక్సిన్‌లాంటి షీటు. దాని అంచు లేచి ఉంది. అంచు కింద చెక్కలు, చెక్కల మధ్య సందులు. ఈ దేశంలో నేలను తుడుస్తారే తప్ప కడగరని ఆయన ఎప్పుడో చెప్పినట్టు అప్పుడు గుర్తొచ్చింది. అంతలోనే కిందనుంచి ఓ ఆడగొంతు గట్టిగా ఏదో అరిచింది.

ఆవిడకు పైప్రాణాలు పైనే పోయాయి. పోలీసులు, జైలు, పేపర్లో ఫొటో, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. కొంగుతో నేల తుడవబోయి కాలు జారి, బకెట్టుతో సహా దభీమని కూలబడింది.

అరనిమిషం కాకముందే మెట్ల మీద అడుగుల చప్పుడు. వచ్చినావిడకు అరవై ఏళ్ళుంటాయి. మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, ఒంటి మీద జిగురు మరకల ఏప్రాను. కింద పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరు. తిడుతుందని ఈవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. బైండరావిడ నీళ్ళ వంక చూడనైనా చూడలేదు. సరాసరి వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఈవిడ తల నిమిరి, మోచెయ్యి మడిచి చూసి, చీలమండ నొక్కి నొప్పి ఉందా అన్నట్టు మొహంలోకి చూసింది. ఎక్కడా ఏమీ విరగలేదని తేలాకే, నడుం మీద చేతులు పెట్టుకుని ఖాళీ బకెట్టునూ తడి నేలనూ చూసింది. అప్పుడు మటుకు తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తిట్టేనని తెలిసిపోయింది.

"తప్పయిపోయిందమ్మా. వాటం చూద్దామని పోశాను. తూము లేకుండా ఇల్లు కడతారని నాకేం తెలుసు?" అంది ఈవిడ, ఏడుపూ రోషమూ కలిసిపోయిన గొంతుతో.

ఇద్దరూ కిందకు దిగారు. కింద బల్ల మీద బడి రిజిస్టర్లు దొంతరగా ఉన్నాయి. పైకప్పునుంచి కారిన నీళ్ళు సరిగ్గా వాటి మీదే పడ్డాయి. అదృష్టం, అన్నీ ఖాళీవే, ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు. కానీ జిగురు నాని మూడింటికి అట్టలు ఊడొచ్చాయి, కుట్లు సడలిపోయాయి. బైండరావిడ కాగితాలు విడదీసి తాడు మీద బట్టల్లా ఆరేస్తుంటే, ఈవిడ అడగకుండానే తాడు రెండో కొస పట్టుకుంది.

తర్వాత బైండరావిడ సూదీ, మైనం పట్టించిన దారమూ తీసి పొడిగా ఉన్న కాగితాల మడతల్ని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఈవిడ రెండు మడతలు కుట్టేదాకా చూసింది. మూడోదానికి చెయ్యి చాపింది. బైండరావిడ అనుమానంగానే సూది ఇచ్చింది. మొదటి ముడి నచ్చక విప్పేసింది. రెండోసారి ఈవిడ వేసిన కుట్టును వెలుతురుకు పెట్టి చూసి, కళ్ళద్దాల మీదుగా ఓ చూపు చూసి, ఇంకో దొంతర ఈవిడ వైపు జరిపింది.

చేతులు పనిలో పడగానే ఈవిడకు నోరు విచ్చుకుంది. ఎదుటి మనిషికి అర్థం కాదన్న ధైర్యమేమో, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది బయటపడింది.

"నా బాధ ఇల్లు కాదమ్మా. ఆయన గుండెకు స్టెంటు వేశారు. మళ్ళీ అలా అయితే, ఈ ఊళ్ళో నేనెవరి గుమ్మం తట్టను? ఏమని చెప్పను? అక్కడ కాంపౌండరున్నాడు. ఇక్కడ నాకెవరున్నారు?"

బైండరావిడ "ఊఁ, ఊఁ" అంటూనే ఉంది. ఆ మాటలన్నీ అర్థమయ్యే ఆయన మాత్రం అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పక్కన కూతురు, వెనక టై ఆయన. ఆవిడ తలెత్తి చూసేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ గోడలని, ఎలకలని తిప్పావు కదే నన్ను," అన్నాడు.

"చెప్తే మీరు మానేస్తారు. మానేస్తే మీ మొహం చూడలేను."

కూతురు తాడు మీద ఆరుతున్న కాగితాలు చూసింది. పైకప్పు చూసింది. తడిసిన తల్లి చీర అంచు చూసింది. "అమ్మా, నువ్వుగానీ..."

"వాటం చూశాను," అంది ఆవిడ తల దించుకుని.

"ఇంకా కొనకుండానే కొంప ముంచావన్నమాట," అన్నాడాయన. అని, నవ్వు ఆపుకోలేకపోయాడు.

అప్పుడు బైండరావిడ ఆయనకేసి తిరిగి గబగబా ఏదో చెప్పింది. వేలితో పైకప్పు చూపించింది. టై ఆయన మొహం మాడిపోయింది.

"ఏమంటోందండీ? పోలీసులని గానీ..."

"కాదే. ఇల్లు కొనేముందు ఓ సంగతి తెలుసుకోమంటోంది. ఈ బ్రోకరు ఎవరికీ చెప్పడట. నేల మరీ పలచనట. పైన ఏం చేసినా కిందకు వినిపిస్తుందట. ఇదివరకు పైనున్నవాళ్ళతో ఈవిడకు నిద్ర కరువైందట. కాస్త మెల్లగా నడిచేవాళ్ళయితేనే కొనుక్కోమంటోంది."

"అది పెద్ద లోపమే నాన్నా. ముందే చెప్పాలి కదా ఈయన," అని కూతురు టై ఆయన మీదికి లేచింది.

ఆవిడ సూది బల్ల మీద పెట్టింది. "ఆగవే. ఏమండీ, ఏం చేసినా వినిపిస్తుందా? సరిగ్గా అడగండి."

"కుర్చీ జరిపినా వినిపిస్తుందట."

"దగ్గితే?"

ఆయన అడిగాడు. బైండరావిడ విసుగ్గా చేతులు తిప్పుతూ చెప్పింది. "దగ్గినా వినిపిస్తుందట. ఇందాక నువ్వు పడ్డప్పుడు పైకప్పుకు వేలాడే దీపం ఊగిందట. మనిషే పడిందని వెంటనే తెలిసిందట."

ఆవిడ బైండరావిడ మొహంలోకి తేరిపారా చూసింది. అరనిమిషంలో పద్దెనిమిది మెట్లెక్కి వచ్చిన మనిషి. లుంగీ ఒక్కటే తక్కువ.

"టైమెంతయిందండీ?"

"మూడున్నర."

"మరి కదలరేం? నాలుగింటికన్నారుగా?" అని లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నీళ్ళు పొయ్యనని చెప్పండి. మెత్తటి చెప్పులేసుకుని తిరుగుతామని చెప్పండి. ఊడిపోయిన మూడు రిజిస్టర్లూ రేపొచ్చి నేనే పూర్తి చేస్తానని కూడా చెప్పండి."

రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం ముందుకు జరిపారు. ఆవిడ కలం పట్టుకుని ఆగింది.

"ఒక్క సంగతి అడగండి. కిందావిడది సొంతిల్లేనా, అద్దెకుందా?"

రిజిస్ట్రారు కళ్ళు చికిలించి, కంప్యూటరులో వెతికి చెప్పాడు. సొంతమే. వాళ్ళమ్మ కాలంనుంచీ.

"అమ్మేసి ఎక్కడికైనా వెళ్ళిపోయే ఆలోచనేమైనా..."

"అమ్మా!" అంది కూతురు.

"అది నేను అడగను," అన్నాడాయన.

"సరే, రేపు కుట్టేటప్పుడు నేనే అడుగుతాలే," అని ఆవిడ అక్షరం అక్షరం కూర్చుకుంటూ సంతకం పెట్టింది. పెట్టాక, సిరా ఆరిందో లేదో ఎక్కడ చెరిగిపోతుందోనని, కాగితం మీద మెల్లగా ఊదుతూ కూర్చుంది.