మూత మీద మేఘాలు

ఆఫీసులో అందరూ ఆయన్ని దుప్పటి బాబాయ్ అంటారు. చలికి భయపడే మనిషని కాదు. సూర్యుడి వెచ్చదనం అందీ అందని దూరంలో తిరిగే ఒక మహా గ్రహం ఆయన పని. ఎంత చల్లటి వస్తువైనా కంటికి కనబడని పరారుణ కాంతిగా కాస్తో కూస్తో వేడి వదులుతూనే ఉంటుంది. ఆ గ్రహపు గాలి ఎంత వదులుతుందో కంప్యూటర్లో లెక్కకట్టి గీత గీయాలి. టెలిస్కోపు కొలిచిన గీతతో దాన్ని పోల్చాలి. రెండూ కలవకపోతే బాబాయ్ లెక్కలో ఇంకో మేఘాల పొర కప్పుతాడు. అలా వచ్చింది ఆ పేరు.

ఈసారి గీత మొరాయించింది. మీథేన్ వాయువు వేడిని మింగే చోటల్లా గీతలో గుంటలు పడాలి. కొలతేమో గుండు గీసినట్టు నున్నగా ఉంది. ఇవాళ మీటింగులో గీతలు కలిపి చూపకపోతే టెలిస్కోపు వంతు ఇంకొకరికి పోతుంది. మళ్లీ వచ్చేసరికి తను రిటైరైపోతాడు.

పొద్దున దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, గీత మీద గీత కూర్చోబెట్టు, ఇంకేమీ అడగను" అని దణ్ణం పెట్టుకున్నాడు.

"మోకాలి నొప్పప్పుడూ ఇదే మాట అన్నారు," అంది భార్య టీ అందిస్తూ.

ఆఫీసుకెళ్లి మేఘాల మీద మేఘాలు కప్పాడు. కింది మీథేన్ కనబడక లెక్క గీతలో గుంటలన్నీ పూడాయి. గీత మీద గీత కూర్చుంది! బాబాయ్ కళ్లు చెమర్చాయి.

టెలిస్కోపు నడిపే అమ్మాయి వచ్చి తెర మీదకు వంగింది. "గ్రహం తిరుగుతోంది కదా బాబాయ్, ఎప్పుడు చూసినా ఒకేలా ఉందేంటి?"

"మేఘాలు దట్టం తల్లీ. స్థితప్రజ్ఞుడి లాంటి గ్రహం. కష్టం సుఖం పైకి కనబడనివ్వదు."

ఆ అమ్మాయి ఫైలు నంబరు మీద వేలు పెట్టింది. "బాబాయ్... ఇది గ్రహం కాదు. మూత."

కెమెరాకి నల్లటి మూత ఒకటుంటుంది. తూచే ముందు ఖాళీ తక్కెడ చూసుకున్నట్టు, గ్రహాన్ని చూసే ముందు ఆ మూతని బాగా చల్లబరిచి దాని వేడి కొలుస్తారు. పక్కపక్క ఫైళ్లలో బాబాయ్ తీసింది మూతది.

"నేను మూతకి మేఘాలు కప్పానా?"

"మూడు పొరలు. పైగా అమ్మోనియా జల్లు. నేనెవరికీ చెప్పను, మీ ఇష్టం."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. అడిగింది దేవుడిచ్చాడు. ఏ గీత మీద అన్నది తను చెప్పలేదు. మరి తప్పు ఇచ్చినాయనదా, అడిగినవాడిదా? ఆలోచన తెగలేదు గానీ, మూతని గ్రహమని చెప్పి రేపు ఆ పటం ముందు నిలబడటం మాత్రం తన వల్ల కాదనిపించింది.

మీటింగులో లేచి, "ఇది మూతండీ," అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. "మూత మీద వానెప్పుడండీ?" అన్నారెవరో వెనకనుంచి.

డైరెక్టరమ్మ నవ్వలేదు. "మేఘాలన్నీ తీసేసి, వట్టి మూతగా లెక్క కట్టండి."

కట్టాడు. గీత ఇంకా చక్కగా కూర్చుంది. వచ్చిన వేడి, మూతకి అంటించిన థర్మామీటరు చూపినంతే ఉంది.

"మీ లెక్కలో వేడి నిజం. మేఘాలు మీ అభిమానం," అందావిడ. "ఇప్పుడు అసలు గ్రహం ఫైలు పెట్టండి."

పెట్టాడు. గుంటలన్నీ మీథేన్ లెక్కతో కలిశాయి, ఒక్కటి తప్ప. మధ్యలో ఏ వాయువుదో తెలియని లోతైన గుంట. బాబాయ్ చెయ్యి అలవాటుగా మేఘం కోసం కీబోర్డు వైపు వెళ్లింది.

"చెయ్యి తియ్యండి! ఏంటది?"

"తెలీదండీ."

"తెలీని దాన్ని చూడ్డానికే కదండీ టెలిస్కోపు. వంతు మీదే. ఈసారి మూత తీసి చూడండి."

మర్నాడు పటం ముందు బాబాయ్ ఎంతకీ కదల్లేదు. టీ చల్లారిపోతోంది.

"అంతసేపు ఏం అడుగుతున్నారండీ?" అంది భార్య.

"ఉండవే," అన్నాడు కళ్లు తెరవకుండానే, "ఫైలు నంబరు చెబుతున్నాను."