పై వరుసలో మేక

1938 మార్చి 6, ఆదివారం. క్లీవ్‌లాండ్ పత్రిక ఒకటి ఆంబ్రోస్ లిండ్‌క్విస్ట్ బొమ్మల కథలో పై వరుస తీసేసి, ఆ చోట సబ్బు ప్రకటన వేసింది. తీసేసిన మూడు గడుల్లో ఒక మేక ఇల్లు చేరింది.

ఆ మేక తప్పిపోయి ఆరు వారాలైంది. కింది వరుసల్లో దాన్ని పెంచే ముసలమ్మ బకెట్‌తో పాక దగ్గర నిలబడి, నవ్వుతూ కబుర్లు చెబుతుంది. మేక పాక లోపల ఉంది. బొమ్మలో కనబడదు.

బొమ్మల కథలను దేశమంతా పత్రికలకు అమ్మే సిండికేట్, పై వరుస తీసేసుకునే వీలు వాటికి ఇచ్చి మూడేళ్లయింది. అసలు కథ అక్కడ గీయకూడదు. ఆ సంగతి లిండ్‌క్విస్ట్‌కు తెలుసు. కానీ 1912లో అతను మొదలుపెట్టినప్పుడు పేజీ అంతా అతనిదే. ఆదివారం పత్రికకు బొమ్మల పేజీయే పైచుట్టు. మడిచి దుకాణంలో పేరిస్తే పై సగమే కనబడేది. అది చూసే జనం కొనేవాళ్లు. అందుకని అసలు విశేషం పైన గీయడం చేతికి అలవాటైంది.

క్లీవ్‌లాండ్ ఒప్పందం నెలాఖరుతో ముగుస్తుంది. కథ గురించి ఒక్క ఉత్తరమూ రావడం లేదని, ఇక కొననని ఎడిటర్ ముందే రాశాడు. ఆ పత్రిక మానేస్తే కథ ఆపేస్తామని సిండికేట్ చెప్పింది.

గురువారం సిండికేట్ అమ్మకందారు డెల్‌బర్ట్ రూస్ న్యూయార్క్‌లో లిండ్‌క్విస్ట్ గదికి వచ్చాడు.

"ఏం చేశావో తెలుసా, మహానుభావా? ముసలమ్మకి పిచ్చెక్కిందనుకుంటోంది క్లీవ్‌లాండ్. ఖాళీ పాకతో మాట్లాడుతోందట."

"ఖాళీ ఏంటి? మేక లోపలే ఉందిగా."

"ఎవడికి తెలుసు? మేకని సబ్బు మింగేసింది."

లిండ్‌క్విస్ట్ కలం కింద పెట్టాడు. "పైన గీశానా?"

"పైనే."

"అయితే నా పని అయిపోయినట్టే."

"ఆగవయ్యా. నాలుగు రోజుల్లో పదకొండు వందల ఉత్తరాలు. ఒకావిడ ముసలమ్మ కోసం డాక్టర్ అడ్రసు కూడా పంపింది. ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?"

"తెలివీ లేదు, ఏమీ లేదు. మర్చిపోయాను."

"నాతో అన్నావు, చాలు. ఇంకెవరితోనూ అనకు. ఇవాళ గీసేదాంట్లో కూడా ఇలాగే మర్చిపో."

"కుదరదు. తెలిసి తెలిసి వాళ్లని ఏడిపించలేను."

"సరుకు చేతిలో పెట్టినా అమ్ముకోవు కదా నువ్వు!"

లిండ్‌క్విస్ట్ మళ్లీ కలం అందుకున్నాడు.

మార్చి 16న పత్రిక ఆ మూడు గడులను మూడో పేజీలో వేసింది. 28న ఒప్పందాన్ని ఏడాదికి పొడిగించింది. రంగుల పేజీ తొమ్మిది వారాల ముందు గీయాలి కాబట్టి, ఆ గురువారం గీసింది మే 15న అచ్చయింది. పై వరుసలో కంచె, మబ్బులు గీశాడు. మేక కింది వరుసలో ఉంది. పత్రిక పై వరుస తీసేసింది.