తూముకు అడ్డం

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, వెలియనూ లేదు. మబ్బు కిందికి దిగి రన్‌వే చివరి గోడ మీద బరువుగా కూర్చుంది. గోడకు ఇవతల వంగతోటలో రైతు పార పట్టుకున్నాడే గాని మట్టిలో దించలేదు. వాన వాసన తగిలితే చాలు, అతని చెవులు ఒక చప్పుడు కోసం కాచుకుంటాయి. విమానం చక్రాలు నేలను కరుచుకునే చప్పుడు. కిందటేడు వానల్లో ఒక రోజు అది రాలేదు. నూనె పూసిన పీట మీద గిన్నె జారినట్టు విమానం నీళ్ల మీద జారుకుంటూ వచ్చి, గోడ బద్దలుకొట్టి, తోటలో ముక్కు గుచ్చింది. ప్రయాణికులంతా బతికారు. పైలట్ పక్క సీట్లోని కో-పైలట్ కుర్రాడు పోయాడు.

బతికిన పైలట్ ముసురు పట్టినప్పుడల్లా వచ్చి గట్టు మీద నిలబడతాడు. ఇవాళా వచ్చాడు.

"రేపటితో విచారణ అయిపోతుంది పెద్దాయనా. తప్పంతా నాదేనని తేలుస్తారు. నిజమే, దిగాల్సిన చోటు దాటాక దించాను. వెనకనుంచి గాలి తోసింది. కానీ అక్కడ అన్ని నీళ్లెందుకు నిలిచాయో అంతుపట్టదు. నిద్రలో కూడా బ్రేకు తొక్కుతున్నానట. మంచం విరుగుతుందని మా ఆవిడ గోల."

రైతు నవ్వలేకపోయాడు.

చెంబుతో నీళ్లు తెచ్చిన భార్య అతని వెనకే నిలబడి మెల్లగా అంది. "ఊళ్లోవాళ్ల గుట్టయితే నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇదొక్కటీ ఎలా నానుతోందయ్యా?"

రైతు పార కింద పెట్టాడు. పైలట్‌ను పాక వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఇసుక బస్తాలు గడ్డి మొలిచి పడివున్నాయి.

"గోడ కింద తూముంది బాబూ. రన్‌వే నీళ్లన్నీ అందులోంచి మా తోటలో పడతాయి. నారు కుళ్లిపోతోందని వానలు రాగానే వీటిని అడ్డం పెట్టేవాణ్ణి. మా నాన్నా అంతే. నీళ్లు అవతలే ఆగితే ఎవరికేం నష్టంలే అనుకున్నాం."

"విచారణవాళ్లు తూము చూశారే. ఖాళీగా ఉందన్నారు."

"ఆ రోజు జనమంతా విమానం వైపు పరుగెత్తారు. నేను తూము వైపు పరుగెత్తాను."

పైలట్ ఒక బస్తా మీద చెయ్యి వేశాడు.

"నా పక్క సీటు కుర్రాడు కాసేపు మాట్లాడాడు," అన్నాడు. "ఇరుక్కుపోయిన తలుపు లాగడానికి ఇంకొక మనిషి దొరికుంటే..."

"రేపు నేనూ వస్తాను. ఈ బస్తాలు బండి మీద వేసుకుని వస్తాను," అన్నాడు రైతు.

పైలట్ వెళ్లిపోతాడనుకున్నాడు. అతను వెళ్లలేదు. భార్య మూడు కంచాలు పెట్టింది. "కూర్చో నాయనా. చల్లారిపోతుంది."

ముగ్గురూ కూర్చున్నారు. వాన మొదలైంది. పైన విమానమొకటి కిందికి దిగుతున్న హోరు వినిపించి ముగ్గురి చేతులూ కంచాల్లో ఆగాయి. గోడ అవతల చక్రాలు కీచుమని నేలను పట్టాయి. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. ముందు పైలట్ ముద్ద ఎత్తాడు. తర్వాత మిగతా ఇద్దరూ.